నొప్పికి సాక్షి ఎవరు?

మన గూడేల్లో డోలీ ఎప్పుడు కడతామో అందరికీ తెలుసు. కాన్పు కష్టమైతే కడతాం. పాము కరిస్తే కడతాం. జీలుగుచెట్టు మీదనుంచి జారిపడి నడుము విరిగితే కడతాం. రాత్రని చూడం, వాననీ పొంగే వాగునీ లెక్కచేయం. నలుగురు యువకులు భుజం పెడతారు, మిగతా ఊరు వెనక నడుస్తుంది. అప్పుడు ఎవరూ ఆ మనిషిని ‘నీకు నిజంగా నొప్పి ఉందా?’ అని అడగరు. నొప్పి కంటికి కనిపిస్తోంది కాబట్టి అడగాల్సిన పని లేదు.

డోలీ ఎక్కని నొప్పి ఇంకొకటి ఉంది. బొడ్డు కిందినుంచి గజ్జల దాకా, వెనక నడుము దాకా పట్టి ఉండే నొప్పి. కొందరికి నెలసరి ముందు మొదలై వారం రోజులు పీడిస్తుంది. కొందరికి నెలంతా ఉంటుంది. మూత్రానికి పోయినప్పుడు, విరేచనానికి కూర్చున్నప్పుడు, భర్తతో కలిసినప్పుడు ఎక్కువవుతుంది. ఆరు నెలలకు పైగా పోకుండా ఉన్నా, పోయినట్టే పోయి మళ్ళీ మళ్ళీ వస్తున్నా వైద్యులు దాన్ని దీర్ఘకాలిక పొత్తికడుపు నొప్పి అంటారు. మన ఆడవాళ్ళు దానికి ఏ పేరూ పెట్టలేదు. ‘కడుపు నొస్తోంది’ అంటారు, కొంగు బిగించి కట్టెలకు పోతారు.

మేము ఈ వ్యాసంలో అడగదలచిన ప్రశ్న వైద్యానికి మాత్రమే సంబంధించింది కాదు. కంటికి కనిపించని నొప్పి గురించి ఒక మనిషి చెప్పినప్పుడు విన్నవారి ధర్మం ఏమిటి? ముందు రుజువు అడగాలా, ముందు నమ్మాలా?

మొదట ఆ నొప్పి ఎందుకు వస్తుందో తెలుసుకోవాలి. కారణం ఒకటే ఉండదు. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిది గర్భసంచి బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరిగితే ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంది. మామూలు స్కానింగ్‌లో ఇది చాలాసార్లు కనిపించదు. కాన్పు తర్వాతో, గర్భస్రావం తర్వాతో, భర్త నుంచో సోకిన ఇన్‌ఫెక్షన్‌కు సరైన మందు పడకపోతే గర్భనాళాలు వాచి నొప్పి మిగిలిపోతుంది. క్షయ ఊపిరితిత్తులకే కాదు, గర్భసంచికీ నాళాలకూ వస్తుంది. పాత ఆపరేషన్ల వల్ల లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. మూత్రాశయం, పేగులు కారణం కావచ్చు. పొత్తికడుపు అడుగున జోలెలాగా అన్నిటినీ మోసే కండరాలు ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉండవచ్చు. మన తెగల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికి కడుపులోనూ నడుములోనూ తీవ్రమైన నొప్పి రావచ్చు, దాన్నీ మరచిపోకూడదు. ఒకే మనిషిలో ఇవి రెండు మూడు కలిసి ఉండటం కూడా మామూలే.

ఇన్ని కారణాలు ఉన్న నొప్పి మన దగ్గర ఒకే మాటలోకి కుదించుకుపోతుంది. గోండి, కోయ, కొలామి, సవర, కువి మాట్లాడే తల్లి తన భాషలో నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో, మెలిపెడుతుందో మండుతుందో బరువుగా లాగుతుందో చెప్పగలదు. ఆమె మాట భర్త నోటి ద్వారానో తోడువచ్చిన వారి నోటి ద్వారానో తెలుగులోకి మారేసరికి ‘కడుపునొప్పి’ అవుతుంది. చీటీ మీదకు ఎక్కేసరికి గ్యాస్ బిళ్ళ అవుతుంది. భర్తతో కలిసినప్పుడు నొప్పి అన్న మాట ఆ భర్త ఎదురుగా అసలు నోరు దాటదు. చెప్పలేదు కాబట్టి లేదని మనం అనుకుంటాం.

చెప్పనిది లేనట్టేనా? దీనికి జవాబు మన పొరుగునే దొరికింది. ఆదిలాబాద్ అడవులకు ప్రాణహిత అవతల మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. గోండు, మాడియా ప్రజలు ఎక్కువగా ఉన్న జిల్లా. అక్కడ డాక్టర్ రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్ళను పరీక్షించి, ఫలితాలను 1989లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించారు. తమకు బాధ ఉందని చెప్పినవారు 55 శాతం. పరీక్షలో ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు బయటపడినవారు 92 శాతం. అంతకుముందు ఎప్పుడైనా అటువంటి పరీక్ష జరిగినవారు 8 శాతం మాత్రమే. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. జబ్బు ఉన్నచోట మాట లేదు. మాట ఉన్నచోట వినే చెవి లేదు. ఆ రెండు పల్లెల సంగతి ముప్పై ఏళ్ళకు పైబడినదే కావచ్చు. మన గూడెంలో ఎంతమందికి ఆ పరీక్ష జరిగిందో ఈ వ్యాసం చదివేవారే ఒకసారి లెక్క వేసుకోవాలి.

మాట ఎందుకు రాదు? ‘ఆడదంటే ఓర్చుకోవాలి’ అని మనం చిన్నప్పటినుంచి వింటున్నాం. ఓర్పు గొప్ప గుణమే. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఓర్పు లేకపోతే మన తాతముత్తాతలు కరువుల్లో గడ్డలు తవ్వుకొని బతికేవారు కాదు. భూమి కోసం తరాలుగా నిలబడేవారు కాదు. అయితే ఓర్పులో రెండు రకాలు ఉన్నాయి. ఒక లక్ష్యం కోసం మనిషి తానుగా ఎంచుకొని పడే ఓర్పు ఒకటి. వేరే దారి చూపకుండా ఇతరులు ఆ మనిషి మీద పెట్టే ఓర్పు ఇంకొకటి. మొదటిది ధైర్యం. రెండోది బరువు. నొప్పితో కట్టెమోపు మోస్తున్న తల్లిని చూసి ‘ఎంత ఓర్పో!’ అని మెచ్చుకున్నప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఆ మోపు దించే పని మనకు తప్పిపోయిందని లోలోపల సంతోషిస్తున్నామేమో. ఒకరి ఓర్పు వల్ల ఇంకొకరికి సుఖం కలుగుతున్నప్పుడు ఆ మెప్పును అనుమానించాలి.

ఇక రుజువు సంగతి. మనకు పోడు భూముల అనుభవం ఉంది. తాతల కాలంనుంచి దున్నుకుంటున్న నేలకు కాగితం చూపించమని అడిగితే మనం ఎక్కడనుంచి తెస్తాం? మన ఊరి పెద్దకు తెలుసు, ఆ రాయికి తెలుసు, ఆ వాగుకు తెలుసు అన్నాం. ఎన్నో ఏళ్ళ పోరాటం తర్వాత 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని కింద చేసిన నియమాల్లో 13వది ఏం చెబుతుంది? కాగితాలతో పాటు ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అదీ ఒక ఆధారమే అంటుంది. నోటిమాటకు విలువ ఉందని చట్టం ఒప్పుకున్న సందర్భం అది. మాటమీద బతికే సమాజాలకు దక్కిన న్యాయం అది.

ఆ న్యాయాన్ని ప్రభుత్వం నుంచి అడిగి తెచ్చుకున్న మనం, మన ఇంట్లో మన ఆడబిడ్డకు ఇస్తున్నామా? ఆమె కూలి మానుకొని, బస్సెక్కి, పెద్దాసుపత్రిలో పొద్దంతా వరుసలో నిలబడి స్కానింగ్ చేయించుకొని వస్తుంది. రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటుంది. ఆ ఒక్క మాటతో ఇంట్లో తీర్పు అయిపోతుంది. ‘ఏమీ లేదన్నారు, ఊరికే అంటోంది’ అంటారు. అటవీ అధికారి కాగితం అడిగితే అన్యాయమన్న మనమే, భార్య దగ్గర కాగితం అడుగుతున్నాం.

నిజానికి నొప్పి విషయంలో మాట విలువ ఇంకా పెద్దది. భూమి అందరికీ కనిపిస్తుంది, దానికి ఊరి పెద్దలు సాక్షులు కాగలరు. నొప్పికి ఆ మనిషి తప్ప వేరే సాక్షి ఉండటానికి వీలే లేదు. ఉన్న ఒక్క సాక్షిని బయటకు పంపేసి ‘సాక్ష్యం లేదు’ అంటే ఏ కుల పంచాయతీ అయినా ఒప్పుకుంటుందా? నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు కూడా, తనకు నొప్పిగా ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని స్పష్టంగా చేర్చింది. శరీరంలో దెబ్బ కనిపించినా కనిపించకపోయినా నొప్పి నొప్పే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తే వైద్యం ఎలా సాగుతుంది? ఒకరిద్దరు అబద్ధం ఆడితే? ఈ సందేహం అడగదగినదే. కాని నమ్మడం వేరు, కారణం తేల్చడం వేరు. ‘నీకు నొప్పి ఉంది’ అని ఒప్పుకోవడం నమ్మకం. ‘ఆ నొప్పి ఎక్కడినుంచి వస్తోంది?’ అని వెతకడం వైద్యం. మొదటిది లేకపోతే రెండోది మొదలే కాదు. రిపోర్టు నార్మల్ అంటే ఆ పరీక్షకు కారణం దొరకలేదని అర్థం, అంతే. ఒకరు అబద్ధం చెబితే ఒక రోజు పని పోతుంది. నిజం చెప్పేవారిని నమ్మకపోతే ఒక జీవితం పోతుంది. ఈ రెండు నష్టాలూ సమానం కావు.

నమ్మకపోవడానికి ఇంకో ముఖం కూడా ఉంది. అది తొందర. చాలా ఏళ్ళు వినకుండా ఉండి, చివరికి విసుగు పుట్టి ‘గర్భసంచి తీయించేస్తే పోతుంది కదా’ అనడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ళ గర్భసంచులకు మాత్రమే ఎక్కువ జబ్బులు వస్తాయని నమ్మడం కష్టం. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద ఆడవాళ్ళకు అనవసరంగా ఈ ఆపరేషన్లు చేశారని డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది. అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది.

కొన్ని జబ్బుల్లో ఆ ఆపరేషన్ తప్పదు, ప్రాణం నిలబెడుతుంది. దాన్ని మేము కాదనడం లేదు. కాని నొప్పి పేగులనుంచో మూత్రాశయంనుంచో కండరాలనుంచో వస్తుంటే గర్భసంచి తీసినా నొప్పి పోదు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్ళకే ముట్లుడిగి ఎముకలు బలహీనపడతాయి. అందుకే సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. జబ్బు పేరేమిటి? ముందుగా మందులతో ప్రయత్నించామా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? అడిగే హక్కు ఆమెది. పక్కన నిలబడి అడిగించడం చదువుకున్న పిల్లల పని.

కొన్ని నొప్పులు కారణం తెలిసినా పూర్తిగా పోవు. ఎందుకో మన మంచె చెబుతుంది. పోడులో పంటకు కాపలా ఉన్నవాడు అడవిపంది వస్తే కేకలు వేస్తాడు. అది అవసరం. రెండు మూడుసార్లు పందులు పంటను తొక్కేశాక అతనికి నిద్ర పట్టదు. ఆకు కదిలినా కేక వేస్తాడు, గాలి వీచినా డప్పు కొడతాడు. పంది లేదు, కాని కాపలావాడి కేక నిజమే, అతని అలసట నిజమే. చాలా కాలం నొప్పి పడిన శరీరంలో నరాలు, మెదడు అలాగే తయారవుతాయి. మొదటి కారణం తగ్గినా చిన్న కదలికకే నొప్పి పుడుతుంది. ఇది నటన కాదు, పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. ఆ కాపలావాడిని కొడితే నిద్రపోడు. పంటకు భయం లేదని నెమ్మదిగా, రోజూ తెలియజెప్పాలి.

ఆ నెమ్మది పనుల్లో చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. నొప్పి వచ్చిన రోజులు గుర్తు పెట్టుకోవాలి. రాయడం రానివారు గోడమీద బొగ్గుతో గీతలు పెట్టవచ్చు, బడికి పోయే కూతురు క్యాలెండర్‌లో చుక్కలు పెట్టవచ్చు. నెలసరి ఏ రోజు, నొప్పి ఏ రోజు, ఏం చేసినప్పుడు పెరిగింది అన్న మూడు సంగతులు రెండు మూడు నెలలు గుర్తించి తీసుకుపోతే వైద్యులకు సగం దారి తెలుస్తుంది. పొత్తికడుపు మీద వేడినీటి కాపడం ఉపశమనం ఇస్తుంది. కడుపు ఉబ్బేలా నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం, తేలికపాటి నడక బిగుసుకున్న కండరాలను వదులు చేస్తాయి. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి, మూత్రం ఆపుకోకూడదు. నెలసరి నొప్పికి ఇచ్చే మాత్రలు నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతుండగానే, ఏదైనా తిన్న తర్వాత, వైద్యులు చెప్పిన మోతాదులో వేసుకుంటే బాగా పనిచేస్తాయి. సంతలో దొరికే నొప్పి బిళ్ళలు రోజూ మింగితే మాత్రం కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు పాడవుతాయి. కొన్ని జబ్బులకు హార్మోను మాత్రలు ఇస్తారు. ఇన్‌ఫెక్షన్ లైంగికంగా సోకినదైతే భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. భర్త ‘నాకేం జబ్బు లేదు’ అని తప్పుకుంటే ఆమెకు మళ్ళీ సోకుతుంది.

ఆలస్యం చేయకూడని గుర్తులూ ఉన్నాయి. నెల తప్పిన మనిషికి హఠాత్తుగా తీవ్రమైన నొప్పి రావడం, కళ్ళు తిరిగి పడిపోవడం, నొప్పితో జ్వరం, విపరీతమైన రక్తస్రావం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ నొప్పికి డోలీ కట్టాల్సిందే. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించినా, మూత్రంలో రక్తం పడినా, మనిషి చిక్కిపోతున్నా రోజులు గడపకుండా వైద్యులకు చూపించాలి.

మన మంత్రసానులు, నాటువైద్యులు చేసే ఒక మంచి పని ఉంది. వారు కూర్చోబెట్టి మొత్తం కథ వింటారు, మన భాషలో వింటారు. ఆ వినికిడి ఆసుపత్రికి కూడా రావాలని మనం అడగాలి. మన భాష తెలిసిన నర్సు కావాలని, ఆడమనిషి పరీక్ష చేయాలని ఐటీడీఏను అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అదే సమయంలో వేరుమందుతో తగ్గని నొప్పిని నెలల తరబడి అక్కడే ఉంచకూడదు.

నెలసరి ఆచారాల గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. గడ్చిరోలి పల్లెల్లో నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు ఊరి అంచున ఉన్న ‘కుర్మా ఘర్’ గుడిసెలో ఉంటారు. మన వైపు కొన్ని గూడేల్లోనూ బయట ఉంచే ఆచారం ఉంది. ఆ రోజుల్లో బరువు పని తప్పుతుందని కొందరు పెద్దలు సమర్థిస్తారు. విశ్రాంతి మంచిదే. అయితే విశ్రాంతి ఇవ్వడానికి మనిషిని చలిలో, తేళ్ళ మధ్య, ఒంటరిగా పెట్టాల్సిన అవసరం ఏముంది? విశ్రాంతిని ఉంచుకుందాం, వెలిని వదిలేద్దాం. నొప్పి ఉన్నప్పుడు నీళ్ళు మోసే బిందె, కట్టెమోపు, తునికాకు కట్ట ఇంట్లో ఇంకొకరి తలమీదకు మారాలి. ఈ మార్పుకు ఏ స్కానింగ్ రిపోర్టూ అక్కర్లేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో ప్రతి నెలా రెండు మూడు రోజులు ముడుచుకొని పడుకునే అమ్మాయి మీ కంటపడుతుంది. ‘అందరికీ ఉండేదేగా’ అనకండి. తరగతికి రాలేనంత నొప్పి మామూలు నొప్పి కాదు. హాజరు పట్టీ మీ దగ్గరే ఉంది. ఏ అమ్మాయి ఏ తేదీల్లో రావడం లేదో అది చెబుతుంది. ఆ అమ్మాయిని వంటగది పక్కన వేడినీళ్ళు అడుక్కునే స్థితిలో ఉంచకుండా, ఏఎన్‌ఎంకు చూపించండి, ఇంటికి కబురు పంపండి. ఈ పాఠం మగపిల్లలకూ చెప్పండి. రేపు వారే భర్తలు, తండ్రులు, వార్డు సభ్యులు, 108 డ్రైవర్లు.

యువతకు ఒక మాట. మీరు డోలీ మోయడానికి వెనకాడరు. ఆ భుజాలను చూసి మేము గర్వపడతాం. అయితే ఆ నాలుగు భుజాలు కనిపించే నొప్పికే లేస్తున్నాయి. ఇంట్లో అమ్మో, అక్కో, వదినో, భార్యో ‘నొస్తోంది’ అన్నప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని సులువైనది. ‘ఎక్కడ? ఎప్పటినుంచి?’ అని అడగండి. చెప్పేదాకా ఆగండి. మధ్యలో ‘ఏం కాదులే’ అనకండి. తర్వాత చేతిలో బిందె అందుకోండి, సంత రోజు కాకుండా ఆసుపత్రి రోజున వెంట వెళ్ళండి, రిపోర్టులో ‘నార్మల్’ అని వస్తే ఆమె తరఫున ఇంకో ప్రశ్న వేయండి.

మాటకు విలువ ఇచ్చే జాతి మనదని మనం చెప్పుకుంటాం. ఆ మాట ఆడమనిషి నోటినుంచి, కడుపులో నొప్పి గురించి వచ్చినప్పుడు కూడా అంతే విలువ ఇస్తేనే మనం చెప్పుకునేది నిజమవుతుంది.